పరిగెత్తేది గుర్రం, పతకం మనిషికి... ఇది పోటీ ఆటేనా?

మూడో_సెట్ అడుగుతున్నారు:

ముందే చెప్తున్నా, ఇక్కడ గొడవ పెట్టుకోవడానికి రాలేదు, అది ఇంట్లోనే అయిపోయింది. మొన్న మా చెల్లి ఒలింపిక్స్ గుర్రపు పోటీల పాత వీడియోలు చూస్తుంటే నేనూ పక్కన కూర్చున్నా. తోకకోటు వేసుకున్న ఒకావిడ గుర్రం మీద బొమ్మలా కూర్చుని ఉంది. గుర్రం మాత్రం పక్కకి పక్కకి నడుస్తోంది, ఉన్నచోటే అడుగులేస్తోంది, కాళ్ళు ఎత్తెత్తి పెడుతోంది, సంగీతానికి తగ్గట్టు ఏవేవో చేస్తోంది. కాసేపటికి అయిపోయింది. చప్పట్లు, ఆవిడ కళ్ళలో నీళ్ళు, మెడలో పతకం. గుర్రానికి మెడ మీద నాలుగు తట్లు. నాకు ఒళ్ళు మండింది.

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా అన్నా. అంతే, చెల్లి వీడియో ఆపేసి మరీ గంటసేపు వాయించింది. "రౌతు కొద్దీ గుర్రం అన్నారు పెద్దవాళ్ళు, ఊరికే అన్నారా" అంటుంది. సామెతలతో ఆట నియమాలు తేలుతాయా?

నేను చాలా ఏళ్ళుగా బ్యాడ్మింటన్ ఆడుతున్నా. గెలిచింది పెద్దగా ఏమీ లేదు గానీ మూడో సెట్‌లో ఊపిరి అందకపోవడం, మోకాలు పట్టేయడం, అయినా షటిల్ కింద పడకుండా దూకడం, ఇదంతా ఒంటికి తెలుసు. ఆట అంటే నా లెక్కలో అది. కూర్చున్నవాళ్ళ ఒళ్ళు ఏం అలుస్తుంది? పైగా మార్కులు జడ్జీలు వేస్తారు, ఖరీదైన గుర్రం కొనుక్కున్నవాడు ముందుంటాడు, గుర్రం మూడ్ బాగాలేకపోతే ఎంతటి వీరుడైనా ఓడిపోతాడట. స్వారీ చేయడం కష్టమైన విద్యే, ఒప్పుకుంటా. వీణ వాయించడం కూడా కష్టమైన విద్యే, దానికి ఒలింపిక్ పతకం ఇవ్వట్లేదు కదా.

ఎవరైనా నిజంగా స్వారీ చేసినవాళ్ళు ఉంటే చెప్పండి. చెల్లికి మాత్రం ఈ లింక్ పంపను.

---

రికాబు:

చేసినదాన్నే, చెప్తా. కాస్త పొడుగవుతుంది.

ఇరవై ఆరేళ్ళప్పుడు మొదలుపెట్టి నాలుగేళ్ళు నేర్చుకున్నాను, చిన్నచిన్న జంపింగ్ పోటీల్లో దిగాను, మీలాగే నేనూ గెలిచింది ఏమీ లేదు. మొదటి వారం నాక్కూడా ఇదే అనుమానం, ఇందులో నేను చేసేది ఏముంది అని. రెండో వారంలో ట్రాట్ మొదలైంది. ట్రాట్ అంటే దౌడుకి ముందు వచ్చే దుడుకు నడక, గుర్రం వీపు ప్రతి అడుగుకీ మనల్ని పైకి తన్నుతుంది. దానికి తగ్గట్టు రికాబుల మీద లేస్తూ కూర్చుంటూ ఉండాలి. చేతులు మాత్రం కదలకూడదు, ఎందుకంటే చేతుల్లో ఉన్న పగ్గాల అవతలి కొస గుర్రం నోట్లో ఉంది. నడుము కింద అంతా ఆడుతూ ఉండాలి, మోచేతుల నుంచి వేళ్ళ దాకా నిశ్చలంగా ఉండాలి. ఇరవై నిమిషాలు చేసి దిగేసరికి నా కాళ్ళు నావి కావు. మర్నాడు ఆఫీసులో మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకున్నాను. అంతకు ముందు రెండేళ్ళు జిమ్‌కి వెళ్ళిన మనిషిని నేను!

మీరు చూసిన ఆవిడ బొమ్మలా కూర్చుంది అన్నారు చూడండి, అక్కడే అందరూ మోసపోతారు. అయిదారు వందల కిలోల జంతువు కింద ఎగిరెగిరి పడుతుంటే పైన బొమ్మలా కనపడాలంటే కడుపు, వీపు, తొడలు ప్రతి అడుగునీ మింగేస్తూ ఉండాలి. కదలనట్టు కనిపించడం కోసమే కదులుతూ ఉంటారు. బాగా వచ్చినవాళ్ళని చూస్తే ఏమీ చేయట్లేదు అనిపిస్తుంది, రానివాళ్ళని చూస్తే ఎంత కష్టమో తెలుస్తుంది. నా మొదటి నెల వీడియో ఒకటి చూపిస్తే మీ వాదన అయిపోయేది గానీ పరువు కూడా పోతుంది, వద్దు.

ఇక జంపింగ్ సంగతి. బయట నుంచి చూస్తే గుర్రం పరిగెత్తింది, దూకింది, అంతే. లోపల జరిగేది వేరు. పోటీకి ముందు రైడర్లు బూట్లతో నడుచుకుంటూ కోర్సు అంతా తిరుగుతారు, గుర్రాన్ని తీసుకెళ్ళి అడ్డంకులు చూపించడానికి వీల్లేదు. ఆ నడక ఊరికే కాదు, కొలత. గుర్రం దౌడులో ఒక్కో అంగ సుమారు మూడున్నర మీటర్లు ఉంటుంది, మనిషి పెద్ద అడుగులు నాలుగు వేస్తే గుర్రం అంగ ఒకటి. ఈ కంచె నుంచి ఆ కంచెకి అయిదు అంగలా, ఆరా, నా గుర్రం అంగ పొడుగా పొట్టా, పొడుగైతే ఎక్కడ బిగించాలి, మలుపు లోపలినుంచి తీసుకుంటే ఎన్ని సెకన్లు మిగులుతాయి, ఇదంతా తలలో వేసుకుని గుర్రం ఎక్కాలి. ఒలింపిక్స్‌లో అయితే కంచెలు మీటరు అరవైకి అటూ ఇటూగా ఉంటాయి, ఒకదాని వెనక ఒకటి రెండేసి మూడేసి వస్తాయి. అడ్డకర్రలు లోతులేని గిన్నెల్లాంటి వాటిల్లో ఊరికే పెట్టి ఉంటాయి, డెక్క కాస్త గట్టిగా తగిలితే పడిపోతాయి. కర్ర పడితే 4 ఫాల్ట్‌లు, అంటే తప్పు మార్కులు. గుర్రం కంచె ముందు ఆగిపోయినా 4. రైడర్ కింద పడితే ఇంటికే. జడ్జి మూడ్‌తో పని లేదు, కర్ర పడిందా లేదా, గడియారం ఎంత చూపించింది, అంతే. మీ షటిల్ లైన్ లోపల పడిందా బయట పడిందా లాంటిదే ఇది.

ఒక సంగతి చెప్పి ఆపుతా. ఒక గుర్రం నాతో ఒకే కంచె దగ్గర మూడుసార్లు ఆగిపోయింది. దీనికి ఇష్టం లేదండీ అన్నాను మా కోచ్‌తో. ఆయన ఏమీ మాట్లాడకుండా నన్ను దింపి తను ఎక్కారు. అదే గుర్రం, అదే కంచె, ఇటు నుంచి ఒకసారి అటు నుంచి ఒకసారి చెవులు ముందుకి పెట్టుకుని మరీ దూకింది. ఆయన కొరడా ఎత్తలేదు, గొంతు పెంచలేదు. నేనేం చేశానంటే, కంచెకి రెండు అంగల ముందు నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టి పగ్గాలు లాగుతున్నాను. వీపు మీద ఈగ వాలితే అక్కడి చర్మం ఒక్కటే విదిల్చే జంతువు అది. నా తొడలు బిగుసుకుంటే దానికి తెలీదా? ముందు ఏదో ప్రమాదం ఉందని దానికి చెప్పింది నేనే. అది నా మాట విని ఆగింది, నేనేమో అది మాట వినలేదు అనుకున్నాను.

మీ చెల్లి చెప్పిన సామెతకి ఇంకొకటి కూడా ఉంది, రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని. నాలుగేళ్ళు నేను చూసింది ఎక్కువగా ఆ మూడు కాళ్ళ గుర్రాన్నే.

---

లెక్కల_మాస్టారు:

రికాబు గారూ, బాగా రాశారు, కానీ మీరు చెప్పిందంతా "ఇది కష్టం" అని. కష్టమని మూడో_సెట్ గారు కూడా ఒప్పుకున్నారు. ఆయన అసలు ప్రశ్న పక్కకి పోయింది. గెలుపులో మనిషి వాటా ఎంత, గుర్రం వాటా ఎంత అనేది విడదీయలేకపోతే మనం కొలుస్తున్నది దేన్ని?

దీనికి ఒక నిజాయితీ పరీక్ష ఉండేది. షోజంపింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో చివరికి మిగిలిన నలుగురూ తమ గుర్రం మీద ఒకసారి, మిగతా ముగ్గురి గుర్రాల మీద ఒక్కోసారి దూకాలి. నాలుగు గుర్రాలు, నలుగురు రైడర్లు, అందరికీ అన్నీ. అందులో గెలిస్తే అది నువ్వే గెలిచావు, గుర్రం కాదు అని నేను కూడా లేచి దండం పెడతా. 2014 తర్వాత దాన్ని తీసేశారు. ఒకే గుర్రం నలుగురి కింద నాలుగుసార్లు దూకాలి కాబట్టి దానికి భారం అన్నారు, సరే, గుర్రం వైపు నుంచి అది న్యాయమే. కానీ అప్పటి నుంచి ఎవరి గుర్రం వాళ్ళదే. అంటే వెనకాల ఎవరు ఎంత పెట్టి ఏ గుర్రాన్ని కొనిచ్చారు అనేది కూడా స్కోరులో కలిసే ఉంది.

ఫార్ములా వన్ కూడా అంతే కదా అంటారేమో. అక్కడ కారు తయారుచేసిన టీమ్‌కి వేరే చాంపియన్‌షిప్ ఉంది, ఆ లెక్క దాచరు. ఇక్కడ గుర్రాన్ని పెంచినవాళ్ళు, సాకినవాళ్ళు, తెల్లారుజామున లాయం శుభ్రం చేసినవాళ్ళు ఎవరూ పతకాల పట్టికలో కనపడరు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు, మంచి గుర్రమైతే ఇక చెప్పేదేముంది. డబ్బున్నవాళ్ళ వినోదం అన్న మాట ఊరికే రాలేదు.

నేను ఆట కాదు అనట్లేదు. ఆటే, కానీ కొలత సరిగ్గా లేని ఆట అంటున్నా.

---

పాత_పేపర్లు:

మాస్టారూ, గుర్రం కొంటే పతకం వస్తుంది అనే లెక్కకి ఒక పెద్ద తూటు ఉంది, దాని పేరు టోటిలాస్. డ్రెసాజ్, అంటే మూడో_సెట్ గారు చూసిన ఆ అడుగుల పోటీ, చూసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. నల్ల గుర్రం. నెదర్లాండ్స్ రైడర్ ఎడ్వర్డ్ గాల్ ఎక్కినప్పుడు 2009లో ఫ్రీస్టైల్‌లో (సంగీతానికి చేసేది) 92.30 శాతంతో ప్రపంచ రికార్డు, 2010 ప్రపంచ పోటీల్లో మూడు స్వర్ణాలు. అప్పటిదాకా ఎవరూ చూడని గుర్రం. ఆ వెంటనే జర్మన్లు కొనేశారు, మత్తియాస్ రాథ్ అనే రైడర్ చేతికి వెళ్ళింది. అదే గుర్రం, అవే కాళ్ళు, డబ్బుకి కొదవ లేదు. ఆ స్థాయి మాత్రం మళ్ళీ రాలేదు. గాయాలు, అనారోగ్యాలు కూడా మధ్యలో వచ్చాయి, అదీ నిజమే, మొత్తం తప్పు కొత్త రైడర్ మీద తోసేయడం అన్యాయం. కానీ కొంటే వచ్చేదే అయితే వచ్చి ఉండాలిగా.

డబ్బున్నవాళ్ళ ఆట అనే ముద్ర సంగతికొస్తే, మొదట్లో అది డబ్బు ముద్ర కూడా కాదు, ర్యాంకు ముద్ర. 1912 స్టాక్‌హోమ్ నుంచి గుర్రపు పోటీలు ఒలింపిక్స్‌లో వరసగా ఉన్నాయి, కానీ 1948 దాకా ఆర్మీ ఆఫీసర్లకీ, 'జెంటిల్మెన్' అనిపించుకున్న మగవాళ్ళకీ మాత్రమే ప్రవేశం. మామూలు సైనికుడికి కూడా లేదు. 1948 లండన్‌లో స్వీడన్ డ్రెసాజ్ టీమ్ స్వర్ణం గెలిచింది. అందులో గెనాల్ పెర్సన్ అనే ఆయన సార్జెంట్, ఆఫీసర్ కాదు. పోటీల కోసం ఆయనకి తాత్కాలికంగా ఆఫీసర్ హోదా ఇచ్చి, పోటీలు అవ్వగానే మళ్ళీ కిందికి దించేశారు. సంగతి బయటపడి మరుసటి ఏడు పతకం వెనక్కి తీసుకున్నారు. స్వారీలో ఏ లోపమూ లేదు, భుజం మీద పట్టీ తేడా, అంతే! 1952లో ఆ నియమం ఎత్తేస్తే అదే పెర్సన్, అదే ముగ్గురు, వచ్చి మళ్ళీ స్వర్ణం కొట్టుకుపోయారు. నాకు ఒలింపిక్స్ చరిత్ర మొత్తంలో ఇష్టమైన కథల్లో ఇదొకటి.

అదే 1952లో ఆడవాళ్ళకి డ్రెసాజ్‌లో అవకాశం వచ్చింది. డెన్మార్క్ నుంచి లిస్ హార్టెల్ అనే ఆవిడ వచ్చారు. పోలియో వల్ల మోకాళ్ళ కింద పట్టు లేదు. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ పక్కన మనిషి ఉండాలి. ఎక్కాక మాత్రం మగవాళ్ళతో పోటీపడి రజతం గెలిచారు, 1956లో మళ్ళీ రజతం. మూడో_సెట్ గారూ, మీరు అడిగిన "కూర్చున్నవాళ్ళు ఏం చేస్తారు" అన్న ప్రశ్నకి నాకు తెలిసి ఇంతకంటే మంచి జవాబు లేదు. స్వారీలో గుర్రానికి ఎక్కువ సైగలు కాళ్ళతోనే చేస్తారు. ఆవిడకి పిక్కలే పనిచేయవు. నడుముతో, బరువు అటూ ఇటూ మార్చడంతో చెప్పి, గుర్రానికి ఆ భాష నేర్పి గెలిచారు.

ఇప్పుడు ఆడా మగా ఒకే పోటీలో, ఒకే పట్టికలో తలపడే ఒలింపిక్ ఆట ఇదే కదా. వయసు కూడా అంతే, జపాన్‌కి చెందిన హిరోషి హోకెత్సు 1964లో ఒకసారి ఆడి, 2012 లండన్‌లో 71 ఏళ్ళప్పుడు మళ్ళీ బరిలో ఉన్నారు.

---

మూడో_సెట్:

71 ఏళ్ళాయన పోటీపడగలిగారు అన్నది మీరు ఆటకి అనుకూలంగా చెప్తున్నారా, వ్యతిరేకంగానా? 🙂 నాకైతే నా పాయింటే బలపడినట్టుంది.

లిస్ హార్టెల్ కథ మాత్రం నాకు తెలీదు. దానికి జవాబు లేదు నా దగ్గర.

---

రికాబు:

71 ఏళ్ళాయన చేసింది డ్రెసాజ్. ఈవెంటింగ్‌లో (డ్రెసాజ్, క్రాస్ కంట్రీ, జంపింగ్ మూడూ కలిసిన పోటీ) క్రాస్ కంట్రీ చూడండి ఒకసారి, అప్పుడు మాట్లాడదాం. పై స్థాయిలో నిమిషానికి 570 మీటర్ల వేగం, పది నిమిషాల దాకా, గుట్టలు దిగుతూ నీళ్ళలోకి దూకుతూ. ఆ సమయమంతా రైడర్ జీను మీద కూర్చోడు, రికాబుల మీద సగం లేచి వంగి ఉంటాడు. మీరు ఇంట్లో గోడకి ఆనుకోకుండా కుర్చీ వేసినట్టు నిలబడి చూడండి, రెండు నిమిషాలు. కింద నేల కూడా కదలట్లేదు మీకు.

ఇక్కడి అడ్డంకులు చాలావరకు దుంగలు, గట్టిగా పాతినవి, జంపింగ్‌లో లాగా కర్ర పడిపోయి దారి ఇవ్వదు. ఈమధ్య బలంగా తగిలితే విడిపోయే పిన్నులు కొన్నిటికి పెడుతున్నారు, రైడర్లు గాలిసంచీ కోట్లు వేసుకుంటున్నారు, ఎందుకో ఊహించుకోండి. హాలీవుడ్ నటుడు క్రిస్టఫర్ రీవ్ మెడ విరిగింది 1995లో ఇలాంటి పోటీలోనే, గుర్రం కంచె ముందు ఆగింది, ఆయన ముందుకి పడ్డారు. ఇటు జంపింగ్‌లో బ్రిటన్ రైడర్ నిక్ స్కెల్టన్ 2000లో మెడ విరగ్గొట్టుకుని, రిటైరయ్యి, మళ్ళీ వచ్చి, 2016 రియోలో 58 ఏళ్ళప్పుడు వ్యక్తిగత స్వర్ణం గెలిచారు.

మెడలు విరిగితేనే ఆట అని కాదు నా ఉద్దేశం. "కూర్చున్నారు" అనే మాట వినగానే నాకు తిక్క వస్తుంది, అంతే.

---

దాణా_డబ్బా:

అందరూ మనిషి కష్టం గురించే మాట్లాడుతున్నారు, పోటీలో దిగిన రెండో ప్రాణిని ఎవరూ అడగట్లేదు. నేను లాయంలో పనిచేశాను, పోటీల్లో దిగలేదు. గుర్రాల కాళ్ళకి పట్టీలు కట్టి విప్పి, డెక్కలు గీకి, దాణా వేసిన మనిషిని, అందుకే నా కోణం వేరు.

గుర్రం దూకడం ఇష్టపడదు అనేవాళ్ళతో నేను ఏకీభవించను. కొన్ని నిజంగా ఇష్టపడతాయి, లారీ లోంచి దించగానే మైదానం చూసి చెవులు నిక్కబొడుచుకుంటాయి. కానీ దానికి పతకం అక్కర్లేదు. గెలవాలన్న ఆరాటం మనది. కందకి లేని దురద కత్తికెందుకు అన్నట్టు, ఆ దురద ఎక్కడ ఎక్కువైతే అక్కడ గుర్రానికి మూడుతుంది.

2008 బీజింగ్ ఒలింపిక్స్ గుర్రపు పోటీలు హాంకాంగ్‌లో పెట్టారు. అక్కడ కొన్ని గుర్రాల శాంపిళ్ళలో ఏం దొరికిందో తెలుసా, క్యాప్సైసిన్. మన మిరపకాయలో మంట పుట్టించేది అదే. నొప్పుల లేపనాల్లో ఉంటుంది, నిజమే. కానీ అదే కాళ్ళకి రాస్తే చర్మం మండుతూ ఉంటుంది, కర్ర తగిలితే ప్రాణం పోతుంది, అందుకని ఇంకా పైకి ఎత్తి దూకుతుంది. ఎవరు ఎందుకు రాశారన్నది పక్కన పెడితే, అది నిషేధించిన పదార్థం, నార్వే టీమ్ కాంస్యం పోయింది. ఏ ఆటలోనైనా డోపింగ్ చేసేవాడు తన ఒంట్లోకి ఎక్కించుకుంటాడు. ఇక్కడ ఇంకొకరి ఒంటికి.

టోక్యో ఒలింపిక్స్‌లో మోడర్న్ పెంటాథ్లాన్, అంటే స్వారీతో కలిపి అయిదు ఆటల పోటీ, గుర్తుందా? అందులో ఎవరికి ఏ గుర్రమో చీటీ తీసి ఇచ్చేవాళ్ళు, పరిచయానికి 20 నిమిషాలు. లెక్కల_మాస్టారు గారు అడిగిన సమానత్వం అంటే అదే మరి, ఎవరికీ సొంత గుర్రం లేదు. ఏమైంది? జర్మనీ అమ్మాయి అన్నికా ష్లాయ్ అప్పటిదాకా మొదటి స్థానంలో ఉంది. ఆమెకి వచ్చిన సెయింట్ బాయ్ అనే గుర్రం అంతకు ముందు రైడర్‌తోనే మొండికేసి ఉంది. ఈమె ఎక్కాక కూడా మొండికేసింది. ఆ అమ్మాయి ఏడుస్తూ కొరడా వాడింది, బయట నుంచి కోచ్ కొట్టమని అరిచి, తనే గుర్రాన్ని గుద్దింది కూడా. కోచ్‌ని మిగతా పోటీల నుంచి బయటికి పంపారు. చివరికి ఆ ఆటలోంచి స్వారీనే తీసేశారు, 2024 పారిస్ ఆఖరు. నేను ఆ వీడియో రెండోసారి చూడలేకపోయాను. గుర్రం కళ్ళలో తెల్లగుడ్డు కనిపిస్తోంది, అది మొండితనం కాదు, బెదురు. ఆ తేడా తెలియనివాళ్ళకి కంచెలు ఇచ్చి దూకమంటే అలాగే ఉంటుంది.

తెలిసినవాళ్ళు చేయరా అంటే చేస్తారు. టోటిలాస్ రికార్డు దాటి 94.3 శాతం తెచ్చుకున్న వలేగ్రో అనే గుర్రం ఉంది, దాని రైడర్ షార్లెట్ డుజార్డిన్, ఆరు ఒలింపిక్ పతకాలు. 2024 పారిస్ పోటీలకి సరిగ్గా ముందు, శిక్షణలో ఒక గుర్రం కాళ్ళని కొరడాతో మళ్ళీ మళ్ళీ కొడుతున్న పాత వీడియో బయటికొచ్చింది. ఆవిడే తప్పుకున్నారు, ఏడాది నిషేధం పడింది. వలేగ్రోతో ఆవిడ స్వారీ చూసి ఒకప్పుడు నాకు గొంతు పూడుకుపోయేది. ఇప్పటికీ ఆ వీడియో వస్తే చూస్తాను, కానీ మునుపటిలా చూడలేను.

కాబట్టి ఆటా కాదా అన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. ఆటే. అందుకే భయం. ఆట కాకపోతే ఇంత కసి ఉండేది కాదు.

---

లెక్కల_మాస్టారు:

చీటీ గుర్రాల సంగతి ఒప్పుకుంటున్నా. నేను అడిగిన సమాన కొలత అమలు చేస్తే అలా ఉంటుందని ఆలోచించలేదు. జతగా ఏళ్ళ తరబడి ఉంటేనే గుర్రానికి కూడా మంచిది అంటే, అప్పుడు మనిషి వాటా ఎంత అని అడగడమే తప్పు ప్రశ్న అవుతుంది. డబుల్స్‌లో ఎవరి వాటా ఎంత అని మనం అడగం కదా.

డబ్బు గురించి అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోను.

---

రికాబు:

తీసుకోకండి, నిజమే అది. నేను మానేసింది కూడా అందుకే, మోకాలు నొప్పి అని అందరికీ చెప్పుకున్నాను గానీ.

దాణా_డబ్బా గారూ, మీరు అన్నది చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. నేనూ పోటీ రోజుల్లో మామూలు రోజుల కంటే గట్టిగా మడమలు ఆడించేదాన్ని. ఎవరూ ఆపలేదు, అది తప్పు అని కూడా ఎవరూ అనలేదు.

---

మూడో_సెట్:

రెండు రోజులు చూడలేదు, ఇంత నడిచిందా!

సరే, నా వైపు నుంచి లెక్క. జంపింగ్, క్రాస్ కంట్రీ ఆటలే, ఇక వాదించను. ఆ గోడకి ఆనుకోని కుర్చీ ప్రయత్నించా, నిమిషం యాభై సెకన్లకి కూలబడ్డా, చెల్లి ఫోన్‌లో తీసింది కూడా. డ్రెసాజ్ దగ్గర ఇంకా ఇరుక్కునే ఉన్నా. సున్నా నుంచి పది దాకా మార్కులు వేయడం, అదీ ఒక్కో జడ్జి మైదానం చుట్టూ ఒక్కో మూల కూర్చుని ఒక్కో కోణంలో చూసి వేయడం నాకు మింగుడుపడట్లేదు. జిమ్నాస్టిక్స్, డైవింగ్ కూడా అంతే అని మీరు అంటారని తెలుసు. వాటి మీద కూడా నాకు అనుమానమే, అది ఇంకో రోజు.

డబుల్స్ అన్న మాట మాత్రం నచ్చింది. నా పాత డబుల్స్ పార్ట్‌నర్ గుర్తొచ్చాడు, నేను బిగుసుకుంటే వాడూ బిగుసుకునేవాడు, ఓడాక ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేవాళ్ళం. గుర్రం తిట్టదు, ఆగిపోతుంది, అంతే తేడా.

చెల్లికి లింక్ పంపేశా. చదివి "నేను చెప్పిందే కదా" అని ఒక్క ముక్క పెట్టింది. పైగా వచ్చే ఆదివారం స్వారీ క్లాసుకి ఇద్దరికీ పేర్లు రాయించింది. రికాబు గారూ, మొదటిసారి వెళ్ళేవాడికి ఏమైనా చెప్పండి.

---

రికాబు:

జీన్స్ వేసుకెళ్ళకండి, లోపలి కుట్టు తొడకి ఒరుసుకుంటుంది, సాగే ప్యాంటు ఏదైనా పర్లేదు. మడమ ఉన్న బూట్లు వేసుకోండి, లేకపోతే పాదం రికాబులోంచి అవతలికి దూరిపోతుంది. హెల్మెట్ లేకుండా ఎక్కించేవాళ్ళయితే వెనక్కి వచ్చేయండి. ఎక్కాక కింద గుర్రం మెడ వైపు చూడకండి, ఎదురుగా చూడండి. భయమేస్తే పగ్గాలు పట్టుకుని వేలాడకండి, జూలు పట్టుకోండి, గుర్రం ఏమీ అనుకోదు. ఊపిరి వదులుతూ ఉండండి.

సోమవారం సెలవు పెట్టుకోండి. లేదా కనీసం లిఫ్ట్ పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి.